పైడిరాజు పైపు బాగుచేయించిన వైనం

తెలివున్నవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. కానీ తమకి తెలివుందన్న సంగతి పొద్దున్న లేవగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి గుర్తు చేసుకునేవాళ్ళు మాత్రం విజయనగరం మొత్తానికి పైడిరాజు ఇంట్లోవాళ్ళే. పైడిరాజు గోనెసంచుల కొట్లో పని చేస్తాడు. ఇంట్లో వాళ్ళమ్మ సింహాచలమ్మ, పెళ్ళాం నూకరత్నం, తమ్ముడు అప్పలకొండ. నలుగురూ అన్నాలకి కూర్చున్నారంటే కూరకన్నా ముందు తెలివి వడ్డించుకునేవారు.

"మనలాంటి బుర్రలు ఇంకో ఇంట్లో ఉన్నాయంటావేటిరా?" అనేది తల్లి.

"ఉంటే ఈపాటికి మనకి తెలిసేది కదమ్మా," అనేవాడు పైడిరాజు.

"తెలిసినా మనం నమ్మేవాళ్ళమా ఏటి?" అనేది నూకరత్నం. అప్పలకొండ తలూపేవాడు. తలూపడంలో వాడి తర్వాతే ఎవరైనా.

వీళ్ళకో గొప్ప గుణం ఉంది. ఎవరేం చెబితే అది చెప్పినట్టే చేస్తారు, ఒక్క మాట అటూ ఇటూ పోనివ్వరు. మన తెలివి కలిపితే చెప్పినవాడి తెలివి పలచబడిపోతుందని పైడిరాజు నమ్మకం. వెనకటి ఇంటావిడ ఊరెళ్తూ, "మొక్కలకి రోజూ బిందెతో నీళ్ళు పొయ్యండి," అంది. మర్నాడు జోరువాన. అయితేనేం? అప్పలకొండ మొక్కల మీద గొడుగు పట్టాడు, పైడిరాజు కింద బిందెతో పోశాడు. ఆవిడ తిరిగొచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమంది. తెలివంటే జనానికి గిట్టదని వీళ్ళు సరిపెట్టుకున్నారు.

అలా ఇళ్ళు మారి మారి, చివరికి విశాలాక్షి గారి మేడ మీద వాటాలోకి చేరారు. ఈ ఇల్లంటే పైడిరాజుకి ప్రాణం. ఎందుకంటే వాళ్ళమ్మకి మోకాళ్ళు వంగవు. ఇదివరకటి ఇళ్ళలో మరుగుదొడ్డి పెరట్లో ఎక్కడో ఉండేది. ఎవరో ఒకరు రెక్క పట్టుకుని తీసుకెళ్ళాలి, లేవదియ్యాలి, ఆవిడ సిగ్గుతో చచ్చిపోయేది. ఇక్కడ గది పక్కనే బాత్రూము, అందులో కుర్చీలా కూర్చునే కమోడు. మొదటిరోజు సింహాచలమ్మ ఎవరి సాయం లేకుండా తనంతట తాను వెళ్ళొచ్చి, గుమ్మంలో నిలబడి రాణీగారిలా నవ్వింది. పైడిరాజుకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

అలాంటి బాత్రూములో పైపు కారింది. గోడకున్న, పిడి ఎప్పుడో ఊడిపోయిన చిన్న కుళాయి నుంచి ఫ్లష్ ట్యాంకుకి ఒక సన్నపైపు వెళ్తుంది చూడండి, ఆ అతుకు దగ్గర. టప్, టప్, టప్. ఆ నీరు నేలలోకి ఇంకి కింద విశాలాక్షి గారి హాల్లో కప్పుకి కొత్తగా వేయించిన సున్నం మీద మరకై తేలింది. ఆవిడ పేరంటానికి వెళ్ళబోతూ, పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని మేడెక్కి వచ్చింది.

"ఏమయ్యా పైడిరాజూ! నేను సాయంత్రం వచ్చేసరికి ఆ కారడం ఆగాలి. కింద నా హాల్లో ఇంకొక్క చుక్క పడిందా, మీరు సామాన్లు సర్దుకోవడమే!" అనేసి వెళ్ళిపోయింది.

పైడిరాజు అమ్మ మోకాళ్ళ వైపు చూశాడు. అమ్మని మళ్ళీ పెరటి దొడ్డికి మోసుకెళ్ళాలా? వల్లకాదు! వెంటనే నలుగురూ బాత్రూములో సమావేశమయ్యారు.

"ముందు గిన్నె పెట్టండ్రా," అంది సింహాచలమ్మ. పెట్టారు. నిండింది.

"ఇప్పుడీ నీళ్ళేం చెయ్యాలి?" అంది నూకరత్నం.

"అవి ఫ్లష్ ట్యాంకు నీళ్ళే. దారిలో పడిపోయాయి. ఎవరి నీళ్ళు వాళ్ళకి అప్పజెప్పాలి," అన్నాడు పైడిరాజు. ట్యాంకు మూత తీసి అందులో దబాలున కుమ్మరించి, ఖాళీ గిన్నె చప్పున మళ్ళీ కింద పెట్టాడు. ట్యాంకు అప్పటికే నిండుగా ఉంది. పోసినవి పోసినట్టు అంచు మీంచి పొర్లి కింద గిన్నెలోకే వచ్చాయి. గిన్నె టక్కున నిండిపోయింది.

"ఓలమ్మో! కారడం ఎక్కువైంది!" అంది నూకరత్నం. అంతే, గిన్నె తీసి తపేలా పెట్టారు. తపేలా నిండితే అది కూడా ట్యాంకులో పోశారు. ఇంకా ఎక్కువ పొర్లింది. తపేలా తీసి గుండిగ పెట్టారు. గుండిగ ఇద్దరు పట్టి ఎత్తి పోసేసరికి బాత్రూము గడప మునిగింది.

"మనం ఎంత పెద్దది పెడితే అది అంత ఎక్కువ కారుతోంది. మహా పొగరుబోతు పైపు!" అన్నాడు పైడిరాజు, రొప్పుతూ.

ఇక లాభం లేదని ప్లంబర్ దాలినాయుడికి ఫోను చేశారు. అతను నెల్లిమర్లలో బావమరిది పెళ్ళి భోజనాల దగ్గరున్నాడు. నోట్లో గారెతోనే చెప్పాడు. "ఏం కంగారు పడకండి. ఒకరు డాబా మీదకెళ్ళి నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వు తిప్పేసి, అక్కణ్ణుంచి కేకెయ్యండి. కేక వినపడ్డాక కింద పైపు నట్టు విప్పండి. లోపల నల్లటి వాషర్ పగిలుంటుంది. దాన్ని కొట్టుకి పట్టుకెళ్ళి అచ్చం అలాంటిదే తెచ్చి ఉంచండి. భోజనం కాగానే వచ్చి బిగిస్తాను."

పైడిరాజు ఆ మాటలన్నీ వరసగా అప్పజెప్పి చూసుకున్నాడు. ఒక్క మాట పొల్లుపోలేదు. అప్పలకొండని డాబా మీదకి పంపి, సైకిల్ షాపులో పానా అరువు తెచ్చి, నట్టుకి తగిలించి చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఇంతలో వీధిలోంచి, "ఉల్లిపాయలమ్మా, ఉల్లిపాయలూ!" అని బండివాడి కేక.

"కేక వినపడిందిరా!" అంది సింహాచలమ్మ.

"అది మరిది కేక కాదేమో మావా," అంది నూకరత్నం.

"కేక వినపడ్డాక అన్నాడు గానీ ఎవరి కేకో చెప్పాడా? నీ సొంత తెలివి కలపకు!" అని పైడిరాజు పానా ఒక్క తిప్పు తిప్పాడు.

ఇంకేముంది! పైపు ఊడి చేతిలోకొచ్చింది. గోడ కుళాయి లోంచి నీళ్ళు జివ్వున చిమ్మాయి. పైడిరాజు మొహం మీద, నూకరత్నం కొప్పు మీద, అద్దం మీద, తలుపవతల గదిలో దేవుడి కేలండరు మీద. ముగ్గురూ గొంతు చించుకుని కేకలు పెట్టారు. పెడుతూనే సింహాచలమ్మ మళ్ళీ ఫోను కలిపింది. "అయ్యో తల్లీ! ఎవరో ఒకరు వేలు పెట్టి మూసి ఉంచండి! నేను వచ్చేదాకా తియ్యకండి!" అని అరిచాడు దాలినాయుడు. నూకరత్నం చటుక్కున చూపుడువేలు కుళాయిలో దోపింది. వేలి పక్కనుంచి నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి.

అప్పుడు అప్పలకొండ డాబా దిగి వచ్చాడు. వాడి మొహం కందగడ్డలా ఉంది.

"ఏటన్నయ్యా ఇది? మీరందరూ ఇలా కేకలేస్తుంటే నా కేక ఎలా వినపడుద్ది?"

"వాల్వు తిప్పావా?" అన్నాడు పైడిరాజు, నోట్లో నీళ్ళు ఉమ్మేసి.

"వినపడని కేక కోసం తిప్పి ఏం లాభం? ముందు మీరు ఊరుకోండి."

న్యాయమే కదా! ముగ్గురూ నోళ్ళు గట్టిగా మూసుకున్నారు. ముక్కు మీంచి నీళ్ళు కారుతున్నా ఎవరూ కిక్కురుమనలేదు. అప్పలకొండ తాపీగా మెట్లెక్కి వెళ్ళి, వాల్వు తిప్పి, వీధి వీధంతా అదిరేలా కేకేశాడు. నీళ్ళు ఆగిపోయాయి. పైడిరాజుకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కిందకి ఇంకకముందే తుడవండ్రా, చేతికందిన గుడ్డ వెయ్యండి!" అంది తల్లి. చేతికి ముందుగా అందింది బీరువాలో పైడిరాజు పెళ్ళినాటి పట్టుపంచె. తర్వాత దుప్పట్లు, కర్టెన్లు. పాపం, అన్నీ వేసి నేల అద్దంలా తుడిచేశారు. నూకరత్నం మాత్రం వేలు తియ్యలేదు. "నీళ్ళు ఆగాయి గానీ దాలినాయుడు రాలేదు కదా," అంది. ఆమె పట్టుదలకి పైడిరాజు మురిసిపోయాడు.

ఇక వాషర్. పగిలినదాన్ని జేబులో వేసుకుని పైడిరాజు హార్డ్‌వేర్ కొట్టుకి పరిగెత్తాడు. కొట్టతను చూసి కొత్తది ఒకటి తీసిచ్చాడు. పైడిరాజు రెండూ పక్కపక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఇది అలాంటిది కాదండీ."

"అదే సైజు బాబూ."

"సైజు సరే. దీనికి ఇక్కడ పగులుంది. మీదానికేదీ?"

కొట్టతను పైడిరాజు మొహంలోకి చూశాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. అడిగినవాడు నిజంగానే అడుగుతున్నాడు.

"కొత్తదానికి పగులెందుకుంటుందయ్యా?"

"నాకవన్నీ తెలీదండీ. అచ్చం అలాంటిదే తెమ్మన్నాడు మేస్త్రి. లేకపోతే లేదని చెప్పండి, వేరే కొట్టు చూసుకుంటాను."

కొట్టతను ఓ నిట్టూర్పు విడిచి, మూలనున్న చెత్తడబ్బాలో చెయ్యి పెట్టి కెలికి, పగిలిన వాషర్ ఒకటి తీసి ఊరికే ఇచ్చేశాడు. పగులు కూడా సరిగ్గా అదే చోట! పైడిరాజు రెండు చేతులా దణ్ణం పెట్టాడు. ఇలాంటి సరుకు ఇంకెవరికి దొరుకుతుందని దారంతా ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

దాలినాయుడు వచ్చేసరికి ఇల్లు చూడముచ్చటగా ఉంది. కమోడు మీద సింహాచలమ్మ దర్జాగా కూర్చుని, పొడిగా ఉన్న కుళాయిలో వేలు పెట్టి నిలబడ్డ కోడలికి పెరుగన్నం ముద్దలు తినిపిస్తోంది. డాబా మీద అప్పలకొండ వాల్వుకి కాపలా కాస్తున్నాడు. పైడిరాజు పగిలిన వాషర్‌ని పళ్ళెంలో పెట్టి అందించాడు.

దాలినాయుడు దాన్ని చూశాడు. పైడిరాజుని చూశాడు. తన సంచీలోంచి కొత్త వాషర్ తీసి, నూకరత్నం వేలు తీయించి, తెల్ల టేపు చుట్టి, నట్టు బిగించి, వాల్వు తిప్పించాడు. ఒక్క చుక్క కారలేదు. "ఇంక భయం లేదు. నేను వెళ్ళొస్తానండీ," అని మెట్ల మీద రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయాడు.

పైడిరాజు అతుకు కింద అరచెయ్యి పెట్టి చాలాసేపు చూశాడు. పొడిగా ఉంది. అమ్మ వైపు చూశాడు. "ఇంక నిన్నెవరూ మొయ్యక్కర్లేదమ్మా," అన్నాడు. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "నీలాంటి బుర్రున్న కొడుకుంటే నాకేటి లోటురా," అంది.

సాయంత్రం విశాలాక్షి గారు పేరంటం నుంచి వచ్చింది. ముందు తన హాల్లో కప్పు చూసుకుంది. మరక ఆరిపోతోంది, కొత్త చుక్క లేదు. ఆవిడ మనసు కుదుటపడి, పట్టుచీరతోనే, చేతిలో తాంబూలంతోనే మేడెక్కి వచ్చింది.

"పరవాలేదయ్యా పైడిరాజూ, మాట నిలబెట్టుకున్నావు! మీరు ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. ఏదీ, అసలు ఎక్కణ్ణుంచి కారేదో, ఎలా కారేదో నాకూ ఒకసారి చూపించు. రేపు కారితే నాకూ తెలియాలి కదా," అంటూ బాత్రూములోకి వచ్చి ఆ అతుకు దగ్గరగా వంగింది.

ఇంటావిడ అంత ముచ్చటగా అడిగాక కాదనడం మర్యాదా? "చిత్తం అమ్మగారూ," అని పైడిరాజు పానా తీశాడు. నట్టుకి తగిలించాడు. ఒక్క తిప్పు తిప్పాడు.

అంతే! జివ్వుమని నీళ్ళు విశాలాక్షి గారి బొట్టు మీద కొట్టాయి. తాంబూలం ఎటు ఎగిరిపోయిందో తెలీదు. పట్టుచీర ఒంటికి అతుక్కుపోయింది. ఆవిడ నోరు తెరిస్తే నోట్లోకి, మూస్తే ముక్కులోకి. పైడిరాజు పానా పట్టుకుని వినయంగా పక్కకి తప్పుకున్నాడు.

"ఇదిగో అమ్మగారూ, ఇదివరకు ఇక్కణ్ణుంచే, ఇలాగే కారేది. ఇప్పుడు బాగైపోయింది, కారట్లేదు. మీరే చూసుకోండి."

ఆవిడ రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "నా ఇల్లు... నా ఇల్లు..." అని గుటకలు మింగింది.

సింహాచలమ్మ జాలిపడి ఆవిడ వీపు నిమిరింది. "కంగారు పడకండమ్మా. కింద మీ హాల్లో ఒక్క చుక్క కూడా పడదు. అంతా మీ మీదే పడుతోందిగా! మీరు మాత్రం కదలకండి."