మంచమెక్కి బుగ్గకు పోయిన జోగవ్వ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగొడ్డున ఒక ఊరు. ఊరంటే పెద్దదేం కాదు, ఒకింట్లో పోపు వేస్తే ఊరంతా తుమ్మేది. కాళ్ళు లోపలికి లాక్కో బంగారూ, ఈ అడవి బంగళాలో చలెక్కువ. ఆఁ, అలా.

ఆ ఊళ్ళో సింగి అని నీ అంత పిల్ల ఉండేది. దాని నాయనమ్మ జోగవ్వ. ఇద్దరిదీ ఒకే మంచం, ఒకే కంచం. ఇప్పపూలు రాలే రోజులొస్తే తెల్లారకముందే బుట్టలు పట్టుకుని ఇద్దరూ అడవిలోకి పోయేవాళ్ళు. ఆ ఏడు చలికి జోగవ్వ మోకాళ్ళు బిగుసుకుపోయాయి. పాపం, మంచం దిగలేకపోయింది. పూల వేళకి అవ్వ లేవకపోతే ఎలాగా అని సింగికి ఒకటే బెంగ.

ఆ అడవి లోపల ఒక వేడినీళ్ళ బుగ్గ ఉంది. రేపు నువ్వూ మీ అమ్మా చూడబోయేది కూడా అలాంటిదే. నేనా? నేను జీపులో కూర్చుంటాలే. కథ విను. నేల లోతుల్లో ఎక్కడో రాళ్ళు కాగుతుంటాయి. ఆ వేడి తగిలి నీళ్ళు బుడబుడమంటూ పైకొస్తాయి. పొయ్యి లేదు, పుల్ల లేదు! బుగ్గలో వేలు పెడితే మాత్రం బొబ్బే. అందుకని ఆ నీళ్ళు చల్లటి వాగులో కలిసే చోట ఇసకలో గుంట తవ్వుకుని కూర్చుంటారు. అక్కడ ఒంటికి హాయిగా ఉంటుంది.

"అమ్మా, మంచంతో సహా మోసుకుపోతం. ఆ నీళ్ళల్ల కూచుంటే నొప్పులు తగ్గుతయి" అన్నాడు సింగి నాన్న.

"ఛీ! బతికున్న మనిషిని నలుగురు మోస్తరా? నేనట్ల పోయేది ఒక్కసారే. ఇప్పుడు కాదు" అంది జోగవ్వ. మొండిది, చెప్తే వినే రకం కాదు.

అప్పుడు సింగి, అవ్వ రాకపోతే నీళ్ళనే తెస్తాననుకుంది. పొడుగు కాడ సొరబుర్రతో బుగ్గ నీళ్ళు ముంచి, కుండలో పోసుకుని నెత్తిన పెట్టుకుంది. ఇంటికొచ్చేసరికి చల్లారిపోయాయి. తెలియక అవ్వ మోకాళ్ళ మీద గుమ్మరించింది. అవ్వ కెవ్వుమంది.

మర్నాడు కుండకి గడ్డి చుట్టి, గడ్డి మీద బొంత చుట్టి పరుగెత్తుకొచ్చింది. దారిలో వేరు తగిలి పడింది. సగం నీళ్ళు నేలపాలు. మిగిలినవి గోరువెచ్చగా ఉన్నాయి కానీ అవ్వ పాదాలు తడవడానికి కూడా చాలలేదు. చెక్కుకుపోయిన పిల్ల మోకాలు చూసి అవ్వ ఏడ్చింది. సింగి ఏడవలేదు. ఆలోచించింది.

ఆ తర్వాత రోజు కుండ తీసుకుపోలేదు. బుగ్గ దగ్గర కూర్చుని ఇసకలో గుంట తవ్వింది. తన కొలతకి కాదు, అవ్వ కాళ్ళు చాపుకునేంత. అప్పుడు మేకలు కాసే ధర్మయ్యని పిలిచింది.

"మామా, మా అవ్వకి చెప్పు. ఆమె వచ్చి ఈ గుంటల కూచునేదాక నేను ఇంటికి రాను."

పొద్దు వాలాక ధర్మయ్య ఊళ్ళోకొచ్చి ఆ మాట చెప్పాడు. చీకటి పడితే వాగులోకి ఎలుగుబంటి దిగుతుంది. "నేను పోయి ఎత్తుకొస్త" అని సింగి నాన్న లేచాడు.

"ఇయ్యాల ఎత్తుకొస్తవు. రేపు మళ్ళ పోతది. దాని మొండితనం ఎవరిదనుకున్నవు?" అంది జోగవ్వ. కాసేపు తన మోకాళ్ళకేసి చూసుకుంది. ఆ తర్వాత అరిచింది. "చూస్తరేందిరా, ఎత్తండి నన్ను!"

సింగి నాన్నా, ఇంకో ముగ్గురూ కలిసి మంచం ఎత్తారు. అవ్వ పడుకుంటుందా? ఊహూఁ. నిటారుగా కూర్చుని దారి పొడుగునా ఒకటే కేకలు. "నేను బతికే ఉన్న! బుగ్గకి పోతున్న! బతికే ఉన్న!" ఎదురొచ్చిన కట్టెల మోపులవాళ్ళకి చెప్పింది, చెట్లకి చెప్పింది, కుందేలుక్కూడా చెప్పింది. మోసేవాళ్ళు నవ్వు ఆపుకోలేక మంచం కింద పెట్టేశారు. తిట్లు తిని మళ్ళీ ఎత్తారు.

గుంట పక్కనే కూర్చుని, జారుతున్న ఇసకని తోడుతూ ఉంది సింగి. మంచం కనబడగానే అన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. అవ్వ తిట్టింది, తిట్టి ముద్దు పెట్టుకుంది. అప్పుడు మోసినవాళ్ళు నీళ్ళలోకి దింపితే కాళ్ళు చాపి "అబ్బ..." అంది.

ఒక్కరోజులో తగ్గిందా అంటే తగ్గలేదు. రోజూ పోయారు. మెల్లగా మంచంకోడు పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత సింగి భుజం పట్టుకుని నడిచింది. ఇప్పపూలు రాలే వేళకి ముందు సింగి బుట్ట, వెనక అవ్వ బుట్ట.

కథ కంచికి, మనం... ఏమిటీ? ఇంకా పడుకోలేదూ? రేపు నువ్వు నీళ్ళలో కాలు పెట్టవా? ఎందుకట?

అమ్మమ్మ చక్రాల కుర్చీలో వచ్చేదాకా దిగవా!

ఓసి నా తల్లీ! సాయంత్రం గేటు దగ్గర ఆ కుర్చీ తెస్తే, ముసలమ్మలా తోయించుకోనని కసురుకున్నాను. అది నీ చెవిన పడిందన్నమాట. నా కథతో నన్నే పట్టేశావు కదే.

సరే, వస్తాను. కానీ దారంతా కేకలు పెడతాను, ముందే చెప్తున్నా. నువ్వు నవ్వకూడదు. ఇంక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి, కుర్చీ బుగ్గకి,
అమ్మమ్మ నీళ్ళకి, బంగారు నిద్దరకి.