మోకు చెప్పిన లోతు

అమ్మవారి చల్లని చూపున్న రాజ్యంలో, వినండి నాయనలారా, ఒక రాగిగని ఉండేది. దాని యజమాని దండపాణి ఏటా వాటాదారులకు ఒకటే పాట పాడేవాడు. "లాభం పంచలేదు. గనిని ఇంకా లోతుగా తవ్వడానికే పెట్టాను. అందుకే వాటా ధర పెరిగింది!"

గని అడుగుదాకా బుట్టలు దించే మోకులు పేనే పోలమ్మకు ఆ పాట విని విని విసుగెత్తింది. అది చాలక, మొగుడు ఇంట్లో ఉన్న ఒక్క గేదెనూ తోలుకొచ్చి, దాన్నిచ్చి వాటా కొంటానని వాటాదారులంతా ఉండగా దండపాణి ముందు నిలబడ్డాడు.

పోలమ్మ అడ్డం వచ్చింది. "అయ్యా, ఏడేళ్ల లాభమూ తవ్వకానికేనా?"

"అమ్మతోడు పోలమ్మా! అంతా ఆ గోతిలోకే దిగింది."

"మరి ఏడేళ్లుగా నా దగ్గర నలభై బారల మోకే కొంటున్నారేం? గొయ్యి లోతయితే మోకు పొడుగవ్వాలి కదయ్యా!"

వాటాదారులు లెక్క చెప్పమంటూ దండపాణి చుట్టూ మూగారు. పోలమ్మ మొగుడి చేతిలోని గేదె పలుపు లాక్కుంది. "పదవయ్యా మహానుభావా, పాలు పిండే వేళయింది!"