నడి ఏట్లో యాక్షన్

సర్కారు వారి రేవు పడవకి అడుగున చిల్లి పడింది. బాగు చేయించమని పడవ నడిపే నూకాలు ఎప్పుడు మొరపెట్టుకున్నా, తాసీల్దారు తల ఎత్తకుండా "యాక్షన్ తీసుకుంటాం" అనేవాడు. చివరికో వరదలో ఆ పడవ మునిగి ఆమె మొగుడు పోయాడు. పడవని ఒడ్డుకి లాగాక కూడా తాసీల్దారు అదే మాటన్నాడు.

ఓనాడు ఆయనే ఆ పడవెక్కాల్సి వచ్చింది. నడి ఏట్లో నీళ్ళు ఆయన బూట్లు దాటాయి.

"తోడవే! మునిగిపోతున్నాం!"

నూకాలు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "యాక్షన్ తీసుకుంటామండి."

"ఆ మాటకిదా సమయం?"

"మునిగేవాళ్ళతో అనే మాటే కదండి బాబూ! తమరి దగ్గరే నేర్చుకున్నాను."

తాసీల్దారు టోపీ తీసి తనే నీళ్ళు తోడడం మొదలెట్టాక గాని నూకాలు తెడ్డెయ్యలేదు.

మర్నాడే వడ్రంగి వచ్చి చిల్లికి చెక్క కొట్టాడు. చుట్ట కాల్చినంతసేపు కూడా పట్టలేదు.