అక్కకి గ్లాసుడు చల్లటి నీళ్ళు

చినగరువులో బొడ్డువారి ఇంటికి మహా తెలివిగలవాళ్ళని పేరు. ఆ పేరు పెట్టింది ఊరు కాదు, బొడ్డువారే.

"తెలిసినవాడు చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. అందులో మన సొంత కవిత్వం కలపకూడదు. ఊళ్ళోవాళ్ళంతా చెడిపోయేది అక్కడే," అని ఇంటిపెద్ద తాతారావు అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళకి చెబుతుండేవాడు. చెప్పడమే కాదు, చేసి చూపించేవాడు కూడా. ఒకసారి బస్సులో కండక్టరు "కడ్డీ పట్టుకోండి, వదలకండి" అన్నాడు. అంతే, దిగాల్సిన ఊరొచ్చినా వదల్లేదు. బస్సు డిపోకెళ్ళింది. అక్కడ బస్సుని కడుగుతుంటే తనూ తడిశాడు గానీ కడ్డీ వదల్లేదు. చివరికి కండక్టరే వచ్చి దణ్ణం పెట్టి, "ఇక వదలండి బాబూ" అంటే వదిలాడు. ఇంటికొచ్చి, "చూశావా నాగరత్నం, ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు," అన్నాడు.

ఇలాంటి మొగుడు ఎన్ని నోములు నోస్తే దొరుకుతాడు అనుకుంది నాగరత్నం. ఆవిడకి లోటంటూ ఉంటే ఒక్కటే. తణుకులో ఉండే అక్క భ్రమరాంబ ఈ ఇంటి గడప తొక్కడం మానేసింది. కిందటిసారి ఎండల్లో వచ్చి, "గ్లాసుడు చల్లటి నీళ్ళకి గతిలేని కొంపే ఇది. ఫ్రిజ్ కొన్నాక కబురు చెయ్యి, అప్పుడొస్తా," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఒక్కగానొక్క తోడబుట్టింది. ఆ రోజు నుంచి నాగరత్నానికి మంచినీళ్ళు తాగినా గొంతు దిగేవి కాదు. పెళ్ళిళ్ళలో అక్క కనబడితే స్తంభం చాటుకెళ్ళి ఏడ్చేది.

ఈ వేసవిలో తాతారావు మనసు కరిగింది. టౌనులో మస్తాను అనే మెకానిక్ పాత ఫ్రిజ్‌లు బాగుచేసి అమ్ముతాడని విని, ఒకటి బేరమాడి ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చాడు. నాగరత్నం ఆ పూటే అక్కకి ఫోన్ చేసింది. "ఆదివారం వస్తాలే. చూస్తాగా నీ ఫ్రిజ్జు," అంది భ్రమరాంబ.

ఫ్రిజ్ దింపుతుండగా మస్తాను నుంచి ఫోనొచ్చింది.

"తాతారావుగారూ, దారంతా గతుకులు కదండీ. దింపగానే ప్లగ్ పెట్టెయ్యకండి. నాలుగు గంటలు రెస్టివ్వండి దానికి."

అంతే. ఇంట్లో ఉన్న ఒక్క పట్టెమంచం ఖాళీ చేశారు. దాని మీద బొంత పరిచి, ఫ్రిజ్‌ని పడుకోబెట్టి, తలకింద దిండు పెట్టారు. తల ఎటో తెలియక రెండు వైపులా పెట్టారు. తాతారావు తల్లి చంద్రమ్మ దాని పొట్టికాళ్ళు చూసి జాలిపడి, "ఎంత దూరం నుంచొచ్చిందో బిడ్డ," అంటూ కొబ్బరినూనె రాసి పట్టింది. తమ్ముడు బుల్లిరాజు కోళ్ళని పక్కవీధి దాకా తరిమొచ్చాడు, అవి చప్పుడు చెయ్యకుండా.

నాలుగు గంటలయ్యాక, పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఉంచి ప్లగ్ పెట్టారు. లోపల్నించి గుర్రుమని చప్పుడొచ్చింది.

"ఇంకా గుర్రు పెడతంది వదినా. నిద్ర తీరలేదు," అన్నాడు బుల్లిరాజు.

"లేపకండి పాపం. నిద్ర చెడితే రేపంతా చిరాకు," అంది నాగరత్నం. చప్పుడు కాకుండా ప్లగ్ తీసేశారు. మళ్ళీ పెడితే మళ్ళీ గుర్రు. అలా పెట్టి తీసి, పెట్టి తీసి, పొద్దుగూకింది. ఇంటిల్లిపాదీ ఆ రాత్రి నేలమీద పడుకున్నారు.

పొద్దున్నే తాతారావు మస్తానుకి ఫోన్ చేసి, "మీ ఫ్రిజ్ బారెడు పొద్దెక్కినా లేవట్లేదయ్యా," అన్నాడు.

మస్తానుకి సంగతి అర్థం కాలేదు. అర్థమైతే ఫోన్ పెట్టేసేవాడు. "ముందు నిలబెట్టండి సార్. మీ పల్లెటూళ్ళో కరెంటు ఎగుడుదిగుడుగా వస్తది. ఫ్రిజ్‌కి స్టెబిలైజర్ పెట్టుకోండి, లేకపోతే కాలిపోద్ది," అన్నాడు.

నిలబెట్టారు. బుల్లిరాజు సైకిలేసుకుని పోయి స్టెబిలైజర్ తెచ్చాడు. ఇనప్పెట్టెలా బరువుగా ఉంది. దాన్నెక్కడ పెట్టాలన్నదాని మీద కాసేపు చర్చ జరిగింది.

"ఫ్రిజ్‌కి పాలు తెస్తే ఎక్కడ పెడతాం? లోపల. వంకాయలు తెస్తే? లోపల. మరి ఇదీ లోపలే," అని తాతారావు తీర్పు చెప్పాడు. దాన్ని పై అరలో వంకాయల పక్కన పెట్టి, ఎండిపోకుండా తడిగుడ్డ కప్పారు. ఫ్రిజ్ ప్లగ్ గోడకే పెట్టారు. ఆ రోజు కరెంటు ఎన్నిసార్లు ఎగిరిందో ఎన్నిసార్లు పడిందో ఆ దేవుడికే తెలియాలి. మధ్యాహ్నానికి ఫ్రిజ్ టక్కుమని ఒక శబ్దం చేసి ఊరుకుంది. నాగరత్నం లోపల పెట్టిన చెంబు ముట్టుకుని చూస్తే నీళ్ళు ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి.

ఆదివారం దగ్గరికొచ్చేసింది. ఈసారి నాగరత్నమే మస్తానుకి ఫోన్ చేసింది.

"బాబూ, నీకు పుణ్యముంటది. అసలిది పనిచేస్తందో లేదో తెలిసేదెలా?"

"వెనకాల చెయ్యి పెట్టి చూడండమ్మా. వేడిగా ఉంటే పనిచేస్తన్నట్టే."

నాగరత్నం వెనక్కెళ్ళి చెయ్యి పెట్టింది. ఏ వేడీ లేదు. ఇంకేముంది, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బొడ్డువారింటి కోడలు మరి. దొడ్లోకి పరిగెత్తి కుంపటి రాజేసి, నిప్పులు బాగా రగిలాక తెచ్చి ఫ్రిజ్ వెనకాల పెట్టింది. చంద్రమ్మ విసనకర్రతో విసిరింది. చెయ్యి పెట్టి చూస్తే చురుక్కుమంది.

"పనిచేస్తంది," అని కేకేసింది నాగరత్నం, కళ్ళనీళ్ళతో. పొగకి కొంత, ఆనందానికి కొంత.

తాతారావు కూడా వేలు కాల్చుకుని చూసి, "బ్రహ్మాండంగా పనిచేస్తంది," అన్నాడు. బుల్లిరాజు మరో నాలుగు బొగ్గులు వేశాడు. లోపల చెంబులో నీళ్ళు మాత్రం వేడెక్కాయి. చంద్రమ్మ వాటితో కాఫీ కలిపి అందరికీ ఇచ్చి, "ఇంతకాలం పొయ్యి దగ్గర చాకిరీ చేశాను. ఇది ముందే తేవలసింది," అంది.

కాఫీ తాగుతుంటే కమురు వాసన మొదలైంది. ఫ్రిజ్ వెనకనుంచి నల్లగా పొగ. తాతారావు మళ్ళీ ఫోన్ అందుకున్నాడు.

"పొగేంటండీ?" అని అవతల మస్తాను లేచి నిలబడ్డాడు. "గోడకి ఆనించేశారా? గోడకీ దానికీ మధ్య జానెడు సందుండాలండి, గాలాడాలి. ప్లగ్ తీసెయ్యండి ముందు. నేనిప్పుడే వస్తన్నా. నేనొచ్చేదాకా ఫ్రిజ్‌ని మాత్రం అంగుళం కూడా కదపొద్దు."

ప్లగ్ తీశారు, కుంపటి కూడా తీశారు. మిగతాది ఎలా చెయ్యాలి? గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య జానెడు సందు కావాలి. ఫ్రిజ్‌ని కదపకూడదు. మామూలు బుర్రలైతే ఇక్కడే చతికిలబడేవి.

"కదపొద్దన్నది ఫ్రిజ్‌ని. గోడని కదపొద్దనలేదుగా," అన్నాడు తాతారావు.

అన్నదమ్ములిద్దరూ గునపాలు పట్టారు. సందు జానెడే ఉండాలి కాబట్టి జానెడు కొలుచుకుంటూ తవ్వారు. కానీ వంటింటి గోడ మందమే జానెడు. కొలత పూర్తయ్యేసరికి గోడ కూడా పూర్తయింది. ఇటుకలు కూలి వెనకవీధిలో పడ్డాయి. వీధిలో పోతున్న గేదె ఒకటి ఆగి, ఫ్రిజ్ మీదుగా వంటింట్లోకి చూసింది. గాలి ధారాళంగా ఆడింది.

మస్తాను మోటారు సైకిలు మీద వెనకవీధిలోనే వచ్చాడు. దూరం నుంచే వీధిలోకి తిరిగి నిలబడ్డ తన ఫ్రిజ్ వీపు కనబడింది. గుమ్మం వెతుక్కునే పని లేకుండా లోపలికొచ్చాడు. కాలిన వైర్లు చూశాడు. పక్కనున్న కుంపటి చూశాడు. తలుపు తీసి, తడిగుడ్డ కింద స్టెబిలైజర్ చూశాడు. తరవాత పీట లాక్కుని కూలబడ్డాడు.

"ఏంటి బాబూ, నయమవుద్దా?" అంది నాగరత్నం. "రేపు మా అక్కొస్తంది. గ్లాసుడు చల్లటి నీళ్ళివ్వకపోతే ఇక ఈ జన్మలో నా మొహం చూడదు."

ఆ మాటకి మస్తాను మెత్తబడ్డాడు. వైర్లు మార్చాడు, ఏదో పార్టు తీసి ఏదో వేశాడు, స్టెబిలైజర్ తీసి బయట గోడకి, అంటే మిగిలిన గోడకి, బిగించాడు. సాయంత్రానికి ఫ్రిజ్ చిన్నగా మూలగడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక నాగరత్నాన్ని పిలిచి లోపల చెయ్యి పెట్టమన్నాడు. చల్లగా తగిలింది. ఆవిడ ఆ చెయ్యి తీసి చెంపకి ఆనించుకుని ఏడ్చేసింది.

"రెండే మాటలమ్మా," అన్నాడు మస్తాను బండెక్కుతూ. "వేడివేడివి లోపల పెట్టకండి, చల్లారాకే పెట్టండి. మాటిమాటికీ తలుపు తియ్యకండి, చల్లదనమంతా పోద్ది." అని ఫ్రిజ్ వైపు తిరిగి ఒక దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆదివారం తెల్లారింది. కుళాయి నీళ్ళు పట్టి ముట్టుకుంటే ఆ ఎండలకి వెచ్చగా ఉన్నాయి.

"వేడివి పెట్టకూడదన్నాడు. ముందు చల్లార్చాలి," అంది నాగరత్నం. నలుగురూ బిందె చుట్టూ కూర్చుని ఊదారు. చంద్రమ్మకి తల తిరిగింది గానీ నీళ్ళు చల్లారలేదు. అంతే, బుల్లిరాజు బిందె సైకిలు మీద కట్టుకుని ఐసు ఫ్యాక్టరీకి పోయాడు. ఐసుగడ్డల మధ్య బిందె పెట్టి, రంపప్పొట్టు కప్పి, వేలు పెడితే జివ్వుమనేదాకా ఉంచి తెచ్చాడు. నాగరత్నం ఒక గుక్క రుచి చూసింది. పళ్ళు జిల్లుమన్నాయి.

"ఇప్పుడు ఫ్రిజ్‌లో పెట్టడానికి పనికొస్తాయి," అంది తృప్తిగా. సీసాల్లో పోసి, లోపల పెట్టి, తలుపు వేశారు. తాతారావు మోకుతో తలుపుకి నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు.

"మాటిమాటికీ తియ్యొద్దన్నాడు. ఒకసారి తీస్తేనే కదా మాటిమాటికీ అయ్యేది. మొదటిసారే తియ్యకపోతే ఏ గొడవా ఉండదు."

భ్రమరాంబ మిట్టమధ్యాహ్నం దిగింది. మొహం కందగడ్డలా ఉంది, పమిట చెమటకి తడిసింది. కూర్చోకుండానే, "ఏదే రత్నం, ఇయ్యవే నీ చల్లటి నీళ్ళు," అంది.

"అదిగో అక్కా, లోపలున్నాయి," అంది నాగరత్నం ఫ్రిజ్ చూపించి. మోకు చూసి భ్రమరాంబ నొసలు ముడిచింది.

"లోపలుంటే నా గొంతులోకెలా వస్తాయే?"

"తలుపు తీస్తే చల్లదనం పోతాదంట వదినగారూ. కావాలంటే పైనుంచి చెయ్యి పెట్టి చూడండి," అన్నాడు తాతారావు వినయంగా.

భ్రమరాంబ చెల్లెలి వంక చూసింది. ఇప్పుడు చెప్పులేసుకుంటుంది, ఇక అంతే, అయిపోయింది అనుకుంది నాగరత్నం. భ్రమరాంబ ఫ్రిజ్ చుట్టూ ఒకసారి తిరిగింది. వెనకవీధిలోకి దిగి ఇంకోసారి చూసింది. వచ్చి నిట్టూర్చింది. మరి ఆ ఇద్దరూ ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్ళే కదా.

"మా ఇంట్లో రోజుకి ఇరవైసార్లు తీస్తాం తలుపు. ఇన్నాళ్ళూ ఎంత చల్లదనం పారబోసుకున్నానో," అంది దిగులుగా. తరవాత తల పంకించింది. "దీనికింత ఆలోచనెందుకే? తలుపు తియ్యకుండా నీళ్ళు రావాలి. వెనకనుంచి కన్నం పెట్టి గొట్టం పెడితే సరి."

నలుగురూ నోళ్ళు వెళ్ళబెట్టారు. టౌనులో ఉంటే బుర్ర ఎంత పదునెక్కుతుందో అనుకున్నాడు తాతారావు. బుల్లిరాజు పరిగెత్తుకెళ్ళి వడ్రంగి దగ్గర కన్నాలు పెట్టే బరమా అడిగి తెచ్చాడు. వెనక నిలబడి, ఇనపగొట్టాలు అడ్డమొచ్చినచోటే, నీళ్ళు వచ్చే గొట్టం ఇదేనని గట్టిగా తిప్పాడు. ఇంకేముంది, బుస్సుమంటూ గ్యాసంతా ఎగజిమ్మింది. ఎదురుగా వంగి చూస్తున్న భ్రమరాంబ మొహాన కొట్టింది.

ఆవిడ కళ్ళు మూసుకుంది.

"అబ్బ," అంది భ్రమరాంబ. "ప్రాణం లేచొచ్చిందే రత్నం. మా ఫ్రిజ్జు పుట్టాక ఇంత చల్లగా ఎప్పుడూ కొట్టలేదే." అని చెల్లెల్ని దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ బుస్సు ఆగేదాకా ఆ కన్నం ముందు చెంపకి చెంప ఆనించి నిలబడ్డారు. ఆ తరవాత ఫ్రిజ్ మరి చప్పుడు చెయ్యలేదు. నాగరత్నానికి అదేమీ పట్టలేదు. అక్క తన ఇంట్లో ఉంది, అక్క నవ్వుతోంది, అంతకంటే ఏం కావాలి.

సాయంత్రం బస్సుకి భ్రమరాంబ బయల్దేరింది. వెంట బుల్లిరాజు, చంకలో బరమా.

"మాది రెండు తలుపులది బాబూ. దానికి రెండు కన్నాలు పెట్టాలి," అంటోంది ఆవిడ బస్సెక్కుతూ.

నాగరత్నం కిటికీ దగ్గరికెళ్ళి అక్క చెయ్యి పట్టుకుంది. "కన్నాలు పెట్టేటప్పుడు తలుపులు మాత్రం తియ్యకక్కా. చల్లదనం పోద్ది."

"నాకా చెబుతావే," అంది భ్రమరాంబ.