లోయలో లేని ఇల్లు

తన దగ్గర బొమ్మలు నేర్చుకునేవాళ్ళకు ఎలయస్ థోర్న్ పెట్టిన నియమం ఒక్కటే. బొమ్మ గీశాక, అందులోని నేల ఎవరిదో వారికీ, ఆ నేలమీద బతికేదెవరో వారికీ చూపించి రావాలి. ఆ తరవాతే ఆయన దాన్ని చేతిలోకి తీసుకునేవాడు.

అవి పద్దెనిమిదో శతాబ్దపు రోజులు. ఇంగ్లండు ప్రభువులు తమ మేడ కిటికీల్లోంచి కనిపించే కొండల్నీ వాగుల్నీ ముచ్చటపడి, బొమ్మల్లా ఉండేలా మార్పించుకునేవారు. అలాంటి ఒక లోయకు యజమాని సర్ ఎడ్మండ్. ఆయన మేనకోడలు, థోర్న్ శిష్యురాలు హ్యారియెట్ కొండమీద గొడుగు నీడన కూర్చుని లోయంతా గీసింది. వాగు పక్కనున్న పూరిళ్ళు మాత్రం వదిలేసింది.

"అందాన్ని చెడగొట్టేదాన్ని వదిలేస్తే తప్పా, గురువుగారూ?" అని అడిగింది.

"ముందు చూపించి రా" అన్నాడాయన.

మామయ్య బొమ్మను కిటికీ పక్కన పెట్టి, లోయను చూశాడు, మళ్ళీ బొమ్మను చూశాడు. మురిసిపోయి దివానును పిలిపించాడు. "వచ్చే వసంతానికి లోయ ఇలా ఉండాలి. ఆ ఇళ్ళు తీయించు" అన్నాడు. హ్యారియెట్‌ బొమ్మ తీసుకుని బయటికి నడిచింది.

నియమంలో సగం ఇంకా మిగిలే ఉంది. కాళ్ళీడ్చుకుంటూ వాగు దగ్గరికి వెళ్ళింది. మొదటి ఇంట్లో ఉండే మార్తా అనే వితంతువు చేతులు తుడుచుకుని బొమ్మను పదిలంగా పట్టుకుంది. "ఈ చెట్టు మా ఆయన నాటిందే" అంది సంబరంగా. ఆ పక్కనే కాసేపు వెతుక్కుని, "మా ఇల్లేదమ్మగారూ?" అని అడిగింది.

హ్యారియెట్ ఆ వాకిట్లోనే కూర్చుంది. ఖాళీగా ఉన్నచోట ఆ ఇంటిని సిరాతో గీసి, మేడకు తిరిగి వెళ్ళింది.

"లోయలో పట్టనంత ఇల్లు వేశావు. బొమ్మ పాడైంది" అన్నాడు మామయ్య.

"పాడైతే కానివ్వండి. ఇల్లు తీయిస్తే మార్తా ఎక్కడికి పోతుంది?"

ఆయనకు మార్తా ఎవరో తెలియదు. హ్యారియెట్ చెప్పింది. ఆ పూట భోజనమయ్యాక ఆయన ఈ ఏటికి ఆగమని దివానుకు కబురు పంపాడు. హాలులో వేలాడే హ్యారియెట్ గీసిన బొమ్మల్ని మాత్రం ఆ రోజే తీయించేశాడు.

ఆమె వచ్చి జరిగిందంతా చెప్పాక థోర్న్ బొమ్మను వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇల్లు కొలతకు మించిపోయింది, నాకు తెలుసు" అంది హ్యారియెట్. "వాకిట్లో కూర్చుని గీశాను."

"అక్కణ్ణుంచి అంతే ఉంటుంది" అన్నాడాయన.