నెలవంకను గుమ్మంలో ఆపిన తిప్పన

ఎప్పటి మాటో గాని, ఎర్రకొండల నడుమ సింగనదుర్గం అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని విజయభూపతి అనే రాజు ఏలేవాడు. రాజ్యం చిన్నదే గాని రాజుగారి బిరుదులు చాలా పొడుగు. ఆయన సభకు వస్తుంటే వందిమాగధులు బిరుదులు చదవడం మొదలుపెట్టేవారు. ఆయన వచ్చి, కూర్చుని, తాంబూలం నమలడం పూర్తిచేసినా ఇంకా సగం మిగిలే ఉండేవి.

మనిషి చెడ్డవాడు కాదు. కాని ఎవరైనా "ఇది మీ హోదాకు తగదు ప్రభూ" అన్నారంటే చాలు, ఎంత మంచి పనైనా అక్కడికక్కడే ఆపేసేవాడు.

ఆ కొలువులో తిప్పన అనే మాటకారి ఉండేవాడు. ఆయన పదవి ఏమిటో చెప్పడం కష్టం. రాజుగారికి నవ్వు రానప్పుడు నవ్వించాలి, కోపం వచ్చినప్పుడు ఎదురుగా నిలబడాలి. మొదటి పనికి చాలామంది పోటీ పడేవారు. రెండో పనికి మాత్రం తిప్పన ఒక్కడే.

ఒక ఏడు రాజుగారికి విషజ్వరం వచ్చింది. వైద్యులు కూడా తలలు వంచుకుని వెళ్లిపోతున్న రోజుల్లో, అశ్వశాల అధికారి దస్తగిరి సాహెబు భార్య హుసేన్‌బీ ఒక మొక్కు మొక్కుకుంది. "ఆ బాబు బతికి బట్టకడితే, రంజాను పండగనాడు నా చేత్తో పాయసం వండి పంపుతాను" అని. రాజుగారు పసివాడుగా ఉన్నప్పుడు మొదటిసారి గుర్రం ఎక్కించింది దస్తగిరి సాహెబే. ఆమెకు ఆయన ఇంకా ఆ బాబే.

రాజుగారు కోలుకున్నారు. రంజాను వచ్చింది. హుసేన్‌బీ సేమ్యా పాయసం వండి, వెండి గిన్నెలో పోసి పళ్లెంలో పెట్టి, గిన్నెమీద ఆకుపచ్చ పట్టుగుడ్డ కప్పింది. చూపు మందగించిన కళ్లతోనే ఆ గుడ్డమీద జరీదారంతో నెలవంక కుట్టింది. సాహెబు దాన్ని రెండు చేతులా పట్టుకుని సభకు తెచ్చాడు.

రాజుగారు చెయ్యి చాచారు. ఆస్థాన పండితుడు మార్తాండశాస్త్రి గబుక్కున లేచాడు.

"ఆగండి ప్రభూ! ఆ గుడ్డమీద ఏముందో గమనించారా?"

"నెలవంక."

"అది వాళ్ల పండగ గుర్తు. దానికింద ఉన్నది తమరు ముట్టుకుంటే లోకం ఏమనుకుంటుంది? ఇది తమ హోదాకు తగదు."

చాచిన చెయ్యి వెనక్కి పోయింది. దస్తగిరి సాహెబు గిన్నె తీసుకుని వెనుదిరిగాడు. తిరుగుతుంటే గిన్నె పళ్లేనికి తగిలి చిన్నగా మోగింది. ఆ చప్పుడు సభలో ఎంతమంది విన్నారో గాని, తిప్పన విన్నాడు.

శాస్త్రి మాటతో రాజుగారికి ఊపు వచ్చింది. "నేటినుంచి నెలవంక గుర్తు ఉన్నదేదీ మా కోటలో అడుగుపెట్టరాదు. తెచ్చేది ఎవరైనా సరే, వచ్చేది ఎంతటివారైనా సరే!" అని ఆజ్ఞ వేశారు.

తిప్పన చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "దివ్యమైన ఆజ్ఞ ప్రభూ. దీన్ని అమలుచేసే భాగ్యం నాకు ఇప్పించండి."

రాజుగారు సంతోషించి, కోట గుమ్మం మీద అధికారం ఆయనకే ఇచ్చారు.

తిప్పన సభనుంచి తిన్నగా సాహెబు ఇంటికి వెళ్లాడు. ఇంట్లో మూటలు కడుతున్నారు. హుసేన్‌బీ ఒక మూల కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది.

"గుర్రాలకు చెప్పి వచ్చాను తిప్పనయ్యా. ఇక మనుషులకు చెప్పాలి" అన్నాడు సాహెబు. "వేరే కొలువు చూసుకుంటాం."

తిప్పన పీట వాల్చుకుని కూర్చున్నాడు. "ముందు నాకు పాయసం పెట్టమ్మా. పండగపూట వచ్చిన మనిషిని ఉత్త నోటితో పంపుతావా?"

ఆమె కళ్లు తుడుచుకుని పెట్టింది. ఆయన తిని, మళ్లీ పెట్టించుకుని, చెయ్యి కడుక్కున్నాక అన్నాడు: "శివరాత్రి దాకా ఆగండి సాహెబుగారూ. ఆ రోజు కొలువు దుస్తులు వేసుకుని కోట గుమ్మం దగ్గరికి రండి. ఆ తరవాత కూడా వెళ్లాలనిపిస్తే, మీ మూటలు నేనే మోస్తాను."

"ఆ రోజు ఏం చేస్తావు?"

"అది తలుచుకుంటే నాకే భయం వేస్తోంది. అడక్కండి."

ఊళ్లో ఆ ఆజ్ఞ పని మొదలుపెట్టింది. పండగలకు గోడమీదుగా గిన్నెలు అందించుకునే ఆడవాళ్లు చేతులు ముడుచుకున్నారు. ఎదురుపడితే పలకరించుకోవడానికీ జంకుతున్నారు. తిప్పనకు అది చూసి రోజూ గుండె బరువెక్కేది.

ఆ నెల గడవకుండానే శివరాత్రి వచ్చింది. ఆ రోజు కొండమీది గుళ్లోంచి స్వామి పల్లకి కోటకు రావడం, ఉపవాసంతో ఉన్న రాజుగారు ఎదురొచ్చి హారతి ఇవ్వడం తాతలనాటి ఆచారం. పొద్దు వాలే వేళకు బాజాలతో పల్లకి కోట ముందుకు వచ్చింది. తలుపులు మూసి ఉన్నాయి.

తిప్పన స్వామికి సాష్టాంగపడి లేచి, అర్చకుడితో అన్నాడు: "అయ్యా, పల్లకి ఇక్కడే ఆపాలి. రాజాజ్ఞ."

"నీకు మతిపోయిందా తిప్పనా?"

"స్వామి శిరస్సుమీద ఏముంది?"

అర్చకుడు తలెత్తి చూసి నాలిక కరుచుకున్నాడు. వచ్చినవాడు చంద్రమౌళీశ్వరుడు. జటలో వెండి నెలవంక ఎండకు తళతళలాడుతోంది.

బాజాలు ఆగిపోయాయి. కబురు లోపలికి వెళ్లింది. రాజుగారు హారతి పళ్లెంతోనే విసవిసా వచ్చారు. వెనక మార్తాండశాస్త్రి. ఈ పూట రాజుగారికి నవ్వు రాకపోతే తన తల ఉండదని తిప్పనకు తెలుసు.

"నా స్వామిని నా గుమ్మంలోనే ఆపుతావా?" రాజుగారి కళ్లు ఎర్రబడ్డాయి.

"నేనెంతటివాణ్ణి ప్రభూ! ఆపింది తమ ఆజ్ఞ. ఎంతటివారైనా సరే అన్నారు. ఈయనను మించిన వారెవరూ లేరు గదా, ముందుగా ఈయనకే తగిలింది."

శాస్త్రి మండిపడ్డాడు. "మూర్ఖుడా! ఆ నెలవంక వేరు, ఈ నెలవంక వేరు!"

"అలాగా? నాకు తెలియలేదు. ఆకాశంలో మన చంద్రుడు ఏ మూల పొడుస్తాడో, వాళ్ల చంద్రుడు ఏ మూల పొడుస్తాడో ఒక్కసారి చూపించండి. మనవాణ్ణి లోపలికి పంపి వాళ్లవాణ్ణి బయటే ఉంచుతాను."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. శాస్త్రి ముఖం కందిపోయింది.

"గుర్తు సంగతి అలా ఉంచు! పరమతస్థుల పండగ కానుక పుచ్చుకుంటే, పుచ్చుకున్నవాడికి ఆ మతం అంటుకుంటుంది. అందుకే వద్దన్నాను."

"ఇది రూఢి మాటేనా?"

"ముమ్మాటికీ!"

తిప్పన పక్కకు తిరిగాడు. కొలువు దుస్తుల్లో దస్తగిరి సాహెబు తలవంచుకుని నిలబడి ఉన్నాడు.

"సాహెబుగారూ, దసరానాడు రాజుగారు మీ చేతిలో జమ్మి ఆకు పెడితే ఏం చేస్తారు?"

"కళ్లకద్దుకుని తలపాగాలో దోపుకుంటాను. ఇంటికెళ్లి పెట్టెలో దాస్తాను."

"ఎన్నాళ్లుగా?"

"పెద్ద మహారాజుగారి కాలంనుంచీ."

తిప్పన రాజుగారికి చేతులు జోడించాడు. "ప్రభూ, శాస్త్రిగారి మాట నిజమైతే సాహెబుగారు మీ నాన్నగారి రోజుల్లోనే మనవాడైపోయారు. మనవాడి ఇంటి పాయసాన్ని మనం తిప్పి పంపాం. శాస్త్రిగారి మాట నిజం కాకపోతే, ఇన్ని జమ్మి ఆకులు పుచ్చుకున్నా సాహెబుగారు సాహెబుగారుగానే ఉన్నారు. ఒక్క గిన్నె పాయసానికి తమరు మాత్రం మారిపోతారా? మరి ఎందుకు తిప్పి పంపినట్టు? త్వరగా తేల్చండి ప్రభూ, స్వామి ఎండలో ఉన్నారు."

రాజుగారు శాస్త్రి వైపు చూశారు. శాస్త్రి పల్లకి వైపు చూశాడు. రాజుగారి మీసాలు ముందు కొంచెం కదిలాయి. తరవాత భుజాలు కదిలాయి. ఆ తరవాత ఆయన హారతి పళ్లెం అర్చకుడి చేతికిచ్చి, పొట్ట పట్టుకుని నవ్వసాగారు.

"తలుపులు తెరవండి! ఆ ఆజ్ఞ రద్దు!"

ఆయనే పల్లకి కొమ్ముకు భుజం పట్టి స్వామిని లోపలికి తెచ్చారు. హారతి అయ్యాక తన మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశారు. ఆపైన దస్తగిరి సాహెబు దగ్గరకు వెళ్లి, ఎవరికీ వినపడకుండా ఏదో అన్నారు. ఏమన్నారో తెలియదు గాని, సాహెబు గడ్డం మీదికి కన్నీళ్లు జారాయి.

"సాహెబూ, ఆ పాయసం ఇప్పుడే తెప్పించు" అన్నారు రాజుగారు పైకి.

"ప్రభూ, తమకు ఇవాళ ఉపవాసం!" అని తిప్పన చెవిలో ఊదాడు.

సాహెబు నవ్వాడు. "పొద్దుగుంకేదాకా నీళ్లు ముట్టకుండా నెల్లాళ్లు ఉన్నవాళ్లం మహారాజా. ఉపవాసం ఉన్నవాడి ఆకలి మాకు తెలుసు. రేపు తమ పూజ కాగానే వేడివేడిగా తెస్తాం."

అన్నట్టుగానే మర్నాడు హుసేన్‌బీ స్వయంగా వచ్చింది. రాజుగారు స్వామి తీర్థం పుచ్చుకుని, ఆ వెంటనే గిన్నె అందుకున్నారు. మొదటి గిన్నె హోదాగా, చెంచాతో తిన్నారు. రెండోది ఎత్తి తాగేశారు. హుసేన్‌బీ "మెల్లగా బాబూ" అంది. సభంతా ఉలిక్కిపడింది గాని, రాజుగారు పసివాడిలా తల ఊపారు.

అప్పుడు ఆయన చూపు మార్తాండశాస్త్రి మీద పడింది. "శాస్త్రిగారూ, మీరు కూడా రుచి చూసి, ఇందులో మతం ఎక్కడుందో తేల్చి చెప్పండి."

శాస్త్రి బెరుగ్గా గిన్నె అందుకున్నాడు. ఒక చెంచా నోట పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ తరవాత ఆగలేదు. గిన్నె అడుగు కనిపించింది.

"ఏం తేలింది?" అన్నాడు తిప్పన.

శాస్త్రి గొంతు సవరించుకుని, గిన్నె హుసేన్‌బీ వైపు చాచాడు.

"ఇది చాలా సూక్ష్మమైన విషయం. ఇంకొక గిన్నె పరిశీలిస్తే గాని చెప్పలేను."