అడుగులో అడుగు

ఒక కొండవాలు కోసం రెండు సైన్యాలు కొట్టుకున్నాయి. ఏది గెలిచిందో అక్కడి జనానికి నేటికీ సరిగా తెలియదు. ఓడినది ముందు వెళ్ళిపోయింది, గెలిచినది తరవాత వెళ్ళిపోయింది. పోతూ పోతూ రెండూ మట్టిలో మందుపాతరలు పెట్టి పోయాయి.

కొండమీది ఊరికీ దిగువన సంతకూ మధ్య క్షేమమైన బాట ఒక్కటే మిగిలింది. దాని వెడల్పు పాదమంత. దాన్ని ఎరిగినవాడు ఒక్కడే, అతన్ని దారివాడు అనేవారు. అతను ముందు నడిచేవాడు. ఊరు అతని వెనక అడుగులో అడుగు వేసి, నోరు మెదపకుండా నడిచేది. అతని వెంటనే భార్య ఉండేది. పోతే ఇద్దరం కలిసే పోతామని ఆమె లెక్క.

కొన్నేళ్ళకు ఇనుప చువ్వలవాళ్ళు వచ్చి వాలంతా గుచ్చి చూశారు. పాతరలన్నీ తవ్వి తీసి, ఇక ఎక్కడైనా నడవవచ్చని చాటి వెళ్ళారు. ఊరు విన్నది, తల ఊపింది, మరునాడు మళ్ళీ వరసలోనే సంతకు దిగింది. భయానికి వయసు మళ్ళితే ఆచారమవుతుంది. చరిత్రలో దీనికి సాక్ష్యాలు వెతుక్కోనక్కరలేదు.

ఆ ఏడే పట్నం యాత్రికులు వచ్చారు. ఏళ్ళ తరబడి కాలు మోపనివాళ్ళ పుణ్యమా అని వాలులో గడ్డి నడుమెత్తు పెరిగింది, కౌజు పిట్టలు గుడ్లు పెట్టాయి. ఆ పచ్చదనం మధ్య మౌనంగా సాగే వరసను చూసి, గొడుగు పట్టిన ఒక యాత్రికురాలికి కళ్ళు చెమర్చాయి. గడ్డిపరక నలగకుండా నడిచే మనుషులు ఇంకా ఉన్నారా అని ఆమె దారివాడిని అడిగింది. అతను పాతరల సంగతంతా చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

"మీకు నేలతల్లి అంటే ఎంత భయభక్తులు" అన్నది.

అతను కాదనబోయి ఆగాడు. భయం మాట నిజమే కదా.

అప్పటినుంచి యాత్రికులు చెప్పులు విడిచి అతని వెనక అడుగులో అడుగు వేయసాగారు. ఊళ్ళో పొయ్యిలు రెండు పూటలా వెలిగాయి. బడికి కప్పు పడింది. దారివాడికి మాత్రం తికమక పట్టుకున్నది. తన కాళ్ళు బాట దాటనిది భయం వల్లనా, కూటి కోసమా, లేక వాళ్ళన్నట్టు గడ్డి మీద ప్రేమ వల్లనా? పిట్టలు తిరిగి రావడం అబద్ధం కాదు. ప్రేమ ఎన్నడైనా ఉన్నట్టు మాత్రం అతనికి గుర్తు లేదు.

ఒకనాడు పొయ్యి దగ్గర భార్య అన్నది: "మామా, ఇన్నేళ్ళూ నీ వీపు చూస్తా నడిచినాను. నీ చొక్కా చిరుగులన్నీ నాకు కంఠతా వచ్చినాయి. రేపు సంతకు పక్కపక్కన పోదామా?"

"గడ్డి తొక్కాల గదే."

"తొక్కుదాం. అందులో ఏం లేదని చెప్పిపోయినారు గదా."

"ఏం లేదనే. ఆ పట్నమోళ్ళు చూస్తే..."

"పాతరలున్నప్పుడు నీతో చావడానికి వచ్చినాను. ఇప్పుడు నీతో నడవడానికి ఒకరి సెలవు కావాల్నా?"

రేపు పక్కన నడవనివ్వకపోతే ఇక వెనకా నడవననీ, వాలుకు అడ్డంపడి చెల్లెలి ఊరికి పోతాననీ, పోతే తిరిగి రాననీ నిదానంగానే చెప్పింది.

సంగతి తెలిసి ఊరిపెద్ద వచ్చాడు. యుద్ధంలో తిన్న అడవిదుంపల రుచి గుర్తుచేశాడు. "గడ్డి నలిగిందంటే మనదీ అందరి ఊళ్ళలాంటి ఊరే. అందరి ఊళ్ళలాంటి ఊరికి ఎవరొస్తార్రా?" అని అడిగాడు.

తెల్లవారి వరస కదిలింది. ముందు దారివాడు, వెనక భార్య, ఆమె వెనక గొడుగు యాత్రికురాలు, తక్కిన యాత్రికులు, చివరన ఊరిపెద్ద. నడివాలుకు వచ్చేసరికి భార్య బాట దిగింది. గడ్డి సర్రుమన్నది. వెనకనుంచి ఎవరో నొచ్చుకున్న గొంతుతో "అమ్మా, గడ్డి" అన్నారు. కౌజు ఒకటి దిగ్గున లేచింది. ఏదీ పేలలేదు. ఆమె గడ్డిని తోసుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడింది.

"రా" అన్నది.

అతను కుడికాలు ఎత్తాడు. గడ్డివైపు చాపితే పాదం వణికింది. బాటవైపు తిప్పితే ఆమె చూపు చెల్లెలి ఊరివైపు మళ్ళింది. వణికేది పేలుతుందనా, పస్తులుంటామనా అతనికి తెలియలేదు. పాదానికైనా తెలుసో లేదో.

వెనక అలికిడి లేదు. ఒంటికాలి మీద తూలుతూ మెడ తిప్పి చూశాడు. గొడుగు యాత్రికురాలూ, ఆమె వెనక వరసంతా, చివరనున్న ఊరిపెద్దతో సహా, అతని పాదాన్నే చూస్తూ కుడికాళ్ళు ఎత్తి నిలబడి ఉన్నారు.